గొంతు లేని వాక్యం

మా పెళ్ళికి ముందు నుంచే మా ఇద్దరి మధ్యా ఒక పెద్దమనిషి ఉండేవాడు. పేరు రేకు మావయ్య. ఆ పేరు పెట్టింది నేనే. కంప్యూటర్ తెర మీద ఉన్నదంతా మాకు చదివి వినిపించే గొంతు అది. అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉండేది. కానీ రేకుల కప్పు మీద వాన పడుతుంటే కింద కూర్చుని ఎవరో ముక్కుతో తెలుగు చదువుతున్నట్టు ఉండేది కాబట్టి రేకు మావయ్య అయ్యాడు.

ఇప్పటి పిల్లలకి ఆ గొంతు వినిపిస్తే పడీ పడీ నవ్వుతారు. ఇప్పుడు కంప్యూటర్లు ఎంతో తియ్యగా మాట్లాడుతున్నాయి. మధ్యమధ్యలో ఊపిరి కూడా పీలుస్తున్నాయి. ఊపిరితిత్తులు లేని వస్తువుకి ఆ సోకెందుకో నాకు అర్థం కాదు. రేకు మావయ్యకి అలాంటి వేషాలు లేవు. ఖాళీ వరస వస్తే "ఖాళీ" అనేవాడు. కామా వస్తే "కామా" అనేవాడు. శుభలేఖనీ చావు కబురునీ ఒకే శ్రుతిలో చదివి ఊరుకునేవాడు. నవ్వాలో ఏడవాలో మేమే చూసుకునేవాళ్ళం.

నా పేరు నాగసులోచన. పుట్టుగుడ్డిని. తెలిసి తెలిసి నాకు ఆ పేరు పెట్టిన మా నాయనమ్మతో నాకు ఇప్పటికీ తగాదానే, ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా సరే. మా ఆయన పేరు మార్కండేయులు. పసితనంలో తట్టు పోసి ఆయనకి చూపు పోయింది. విశాఖపట్నంలో చూపు లేనివాళ్ళకి కంప్యూటర్ నేర్పే ఒక ఇరుకు క్లాసులో మేం కలిశాం.

ఆ క్లాసులో కంప్యూటర్లు తక్కువ. ఇద్దరికి ఒకటి. ఒకే తీగకి రెండు జతల ఇయర్‌ఫోన్లు తగిలించి ఇద్దరం ఒకే గొంతు వినేవాళ్ళం. ఒకరు మీటలు నొక్కాలి, ఒకరు తప్పులు పట్టాలి. మాట్లాడుకుంటే మాస్టారు ఊరుకునేవారు కాదు. మార్కండేయులు దానికో దారి కనిపెట్టాడు. నాకు చెప్పాలనుకున్నది పాఠం మధ్యలోనే టైపు చేసేవాడు. కింది బాణం నొక్కుకుంటూ వస్తుంటే, "నల్లరేగడి నేలలు తేమను నిలుపుకుంటాయి" అని చదివిన రేకు మావయ్య, అదే శ్రుతిలో "సాయంత్రం బీచికి వస్తావా సులోచనా" అనేవాడు. నేను దాని కింద "రాను" అని కొట్టేదాన్ని. వెళ్ళేదాన్ని.

చదివిన వెంటనే చెరిపెయ్యాలి. అది మా ఒప్పందం. ఒక్కసారి మరిచిపోయాం. అప్పటికి మా ఇద్దరికీ తూర్పుతీరం ప్రచురణలలో పని దొరికింది. పాఠ్యపుస్తకాల ఫైళ్ళు మేం దిద్ది పంపితే, పట్నాయక్ అనే కుర్రాడు అచ్చుకి ముందు ఆఖరిసారి చూసేవాడు. ఒకరోజు అతను మా గదిలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"నేలల పాఠంలో చిన్న సందేహమండీ. ఎర్రనేలలు అయిపోయాక, 'మా అమ్మతో మాట్లాడాను, ఒప్పుకుంది, ఇక నీదే ఆలస్యం' అని ఉంది. ఇది ఏ నేల గురించండీ?"

నా చెవులు వేడెక్కిపోయాయి. మార్కండేయులు మాత్రం ఏమీ తొణక్కుండా, "అది సారవంతమైన నేలండీ, ఉంచెయ్యండి" అన్నాడు. ఆ తర్వాత కొద్దికాలానికే మాకు పెళ్ళయింది. మా పెళ్ళిలో పట్నాయక్ ఆ ముక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఇప్పుడు అతనే తూర్పుతీరానికి మేనేజరు. ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ఒళ్ళు తేలికవుతుంది. పాఠాలు, వంటల పుస్తకాలు, ఒక స్వామీజీ ఆత్మకథ (ఆయన అబద్ధాలకి కామాలు పెట్టింది నేనే), ఏదైనా సరే మా నాలుగు చెవుల్లోంచి వెళ్ళాకే అచ్చయ్యేది. రేకు మావయ్యని మేం ఎంత వేగంగా పరిగెత్తించేవాళ్ళమంటే, ఆఫీసుకి వచ్చినవాళ్ళు "ఏటో పురుగులు అరుస్తన్నాయండీ" అని గోడలు వెతికేవాళ్ళు. ఆ పురుగుల అరుపులో ఒక్క ఒత్తు జారినా మా ఆయన వేలు ఠక్కున ఆగిపోయేది. "ఇదిగో, దొరికింది" అనేవాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు ముచ్చటేసేది.

వయసు మీద పడ్డాక ఆయన చెవుల్లోంచి ముందుగా పోయినవి హల్లులు. అచ్చులు బాగానే నిలిచాయి. కకారం, పకారం, తకారం కలిసిపోయి ఒకే ముద్దయ్యాయి. మనుషులతో మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు. సందర్భాన్ని బట్టి మాట తెలిసిపోతుంది. కానీ దిద్దేవాడికి సందర్భాన్ని బట్టి తెలిస్తే సరిపోదు. ఉన్న అక్షరం ఉన్నట్టుగా తెలియాలి. చెవి మిషను పెట్టించాం. అది మనుషుల మాటని నిలబెట్టింది గానీ రేకు మావయ్యని మరింత రేకు చేసింది. వేగం తగ్గించి చూశాం. లాభం లేకపోయింది. బ్రెయిలీ చుక్కలు లేచే పలక తెప్పించాం. అప్పటికే సుగరు ఆయన వేలికొసల్ని మొద్దుబార్చేసింది.

"చుక్కలన్నీ ఉప్మారవ్వలా ఉన్నాయి సులోచనా" అన్నాడు పలక పక్కకి నెట్టేసి.

అయినా పని మానలేదు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది మైలపల్లి నూకాలమ్మ టీచరు పుస్తకం. ఆవిడది భీమిలి దగ్గర జాలరిపేట. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు గాలులకీ, నీటి రంగులకీ, వలలకీ, చేపలకీ పెట్టుకున్న పేర్లన్నీ ఏళ్ళ తరబడి పోగుచేసి టైపు చేసింది. ఆ మాటల్లో సగం ఏ నిఘంటువులోనూ లేవు. మా ఆయనకి ఆ పుస్తకమంటే ప్రాణం. వాటిని చదువుతుంటే ఉప్పు వాసన వస్తోందనేవాడు.

మాలాంటివాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు ఒకటుంది. ఆయన అది చేశాడు. అక్షరాల సైజు మార్చడానికి పుస్తకం మొత్తాన్ని ఒక్కసారిగా ఎంచుకున్నాడు. అలా ఎంచుకుని ఉండగా ఏ మీట తగిలినా ఉన్నదంతా పోయి ఆ ఒక్క అక్షరమే మిగులుతుంది. చూపున్నవాడికి తెర తెల్లబోవడం కనిపిస్తుంది. మాకు రేకు మావయ్య చెప్పాలి. "ఎంపిక చెరిగింది" అని చెప్పాడు కూడా. ఆయనకి వినబడలేదు. ఫైలు భద్రం చేసి, మూసేసి, కాఫీకి లేచాడు.

పాత ప్రతి ఒకటి దొరికింది గానీ వేసవంతా కూర్చుని చేసిన దిద్దుబాట్లన్నీ పోయాయి. పట్నాయక్ ఒక్క మాట కూడా తూలలేదు. "మాస్టారూ, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. మా ఆయన ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, బల్ల దగ్గర కూర్చున్నాడు. కంప్యూటర్ ఆన్ చెయ్యలేదు. మర్నాడూ అంతే. నేను వంటింట్లోంచి ఎన్ని అన్నా నోరు విప్పేవాడు కాదు. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయినా ఏమీ అనకుండా తినేసిన రోజున నాకు నిజంగా భయమేసింది.

డాక్టర్ షంషాద్ గురించి పట్నాయకే చెప్పాడు. కొండవాలు మీద ఉన్న ఒక పరిశోధనశాలలో ఆవిడ మౌనలిపి అనే వస్తువు తయారుచేస్తోంది. బొట్టుబిళ్ళంత పలక. కుడి చెవి వెనక అతికిస్తారు. కంప్యూటర్‌లో బాణం మీట నొక్కి మీరు ఏ వరస మీదికి వెళ్తే ఆ వరస లోపల తెలుస్తుంది. చప్పుడు ఉండదు, కనిపించడం ఉండదు.

"మరి ఎలా తెలుస్తుందమ్మా?" అని నేను నిలదీశాను.

"మీకు ఆకలేస్తే ఎవరైనా చెవిలో చెబుతారా?" అంది డాక్టర్ షంషాద్. గొంతు బట్టి చిన్న వయసే. తొందర తొందరగా మాట్లాడుతుంది, ప్రతి మాట తర్వాతా అవతలివాళ్ళ జవాబు కోసం నిజంగా ఆగుతుంది. నాకు నచ్చింది.

మొదటి కొన్ని రోజులు ఏమీ జరగలేదు. మా ఆయన బాణం మీట నొక్కుతూ కూర్చునేవాడు. నేను పక్కన కూర్చుని ఆ టకటకలు వినేదాన్ని. ఆ పలక ఆయన మెదడుని నేర్చుకుంటోందనీ, ఆయన మెదడు పలకని నేర్చుకుంటోందనీ డాక్టరమ్మ చెప్పేది. ఒకరోజు మధ్యాహ్నం టకటకలు ఆగిపోయాయి.

"డాక్టరమ్మా, మీ పరిచయపత్రంలో రెండో పేరా చివర రెండు ఫుల్‌స్టాపులు పడ్డాయి" అన్నాడు.

 డాక్టర్ షంషాద్ చిన్నపిల్లలా కేక పెట్టింది. నేను ఏడ్చాను. మా ఆయన మాత్రం, "మూడో పేరాలో వాక్యం కూడా కుంటుతోంది. దిద్దమంటారా?" అని అడుగుతున్నాడు.

ఇల్లు మళ్ళీ ఇల్లయింది. నూకాలమ్మ టీచరు పుస్తకం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పొద్దున్నే కాఫీ తాగి బల్ల దగ్గర కూర్చుంటే, చప్పుడు లేని చదువు. నాకు అది కొత్తగా ఉండేది. పక్క బల్ల మీద నా రేకు మావయ్య గలగలలాడుతుంటే ఆయన వైపు నుంచి ఒక్క మీటల చప్పుడే వచ్చేది. ఉన్నట్టుండి నవ్వేవాడు. "ఏటండీ?" అంటే, "ఈ చేపకి పెళ్ళికూతురని పేరు పెట్టారు సులోచనా, ముల్లు ఎక్కువట" అనేవాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందనడం కూడా మళ్ళీ మొదలైంది. నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

డాక్టరమ్మ నాకూ పెడతానంది. "ముందు ఆయనది కానివ్వండి, నాకింకా మా మావయ్య ఉన్నాడు" అన్నాను.

తర్వాత ఒక రోజు నేను ఆఫీసులో ఉన్నాను. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. సాయంత్రం రావడం ఆలస్యమవుతుందని చెప్పడానికి పట్నాయక్ బల్ల మీది ఫోన్ నుంచి ఇంటికి చేశాను. మా ఆయన ఎత్తాడు.

"హలో, నేనే" అన్నాను.

అవతల చిన్న ఖాళీ. "నేనే అంటే... ఎవరండీ?"

ఏడిపిస్తున్నాడనుకున్నాను. "నేనేనండీ బాబూ!"

"ఏమనుకోకండి. పేరు చెబితే..." అన్నాడు, కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాదగా.

నేను ఫోన్ పెట్టేశాను. చూపున్నవాళ్ళు మాతో ఆడే దిక్కుమాలిన ఆట ఒకటుంది. పెళ్ళిళ్ళలో చేతులు పట్టుకుని, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అంటారు. ఒళ్ళు మండి, వచ్చినవాళ్ళు ముందు మీ పేరు చెప్పండని అందరికీ క్లాసులు పీకుతూ వచ్చాను. కానీ ఇంట్లో ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. "నేనే" అంటే చాలు. ఆ రెండక్షరాల్లో నా గొంతు తప్ప ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళుగా దానితోనే సరిపోయింది.

ఇంటికెళ్ళేసరికి, "వచ్చావా సులోచనా" అన్నాడు ఎప్పటిలాగే. ఫోన్ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పరీక్ష పెట్టాలనుకున్నాను. నాకు మొండితనం ఎక్కువని మా వీధంతా తెలుసు. మర్నాడు తలంటు పోసుకున్నాను. జుట్టుకి రోజూ రాసే మెంతుల నూనె రాయలేదు. చెప్పులు ఈడుస్తూ నడిచే అలవాటు నాది, వాటిని బయటే విడిచి, కాలివేళ్ళ మీద హాల్లోకి వచ్చాను.

"నమస్కారమండీ, ఉన్నారా?" అన్నాను మామూలు గొంతుతోనే.

"రండి రండి. కూర్చోండి. ఎవరూ?" అన్నాడు కుర్చీ వెనక్కి జరుపుతూ. "మా ఆవిడ ఇప్పుడే తలంటుకి వెళ్ళింది, వచ్చేస్తుంది."

"రాదు. ఇక్కడే ఉంది" అన్నాను.

 ఆయన మెల్లగా, "వినాయక చవితి నుంచి" అన్నాడు. "ముందు పట్నాయక్ గొంతు పోయింది. తర్వాత మా అన్నయ్యది. మాటలన్నీ అర్థమవుతాయి. ఎవరివో తెలియదు. అందరూ ఒక్కరే అయిపోయారు. నీది కూడా పోతుందేమోనని రోజూ పొద్దున్నే చూసుకునేవాణ్ణి. చవితినాడు నువ్వు పూజ దగ్గర కథ చదువుతుంటే, ఈవిడెవరో బాగా చదువుతోందే అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ చెప్పుల చప్పుడు ఉందిగా, నూనె వాసన ఉందిగా అనుకున్నాను. సర్దుకోవచ్చనుకున్నాను. చెబితే తీయించేస్తావని భయం."

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ పలక మీద కూడా రాలేదు. మొహం తెలియని నాకు మనిషంటే గొంతే. ఆయనకీ అంతే. ఆ ఇంట్లో నేను ఉన్నట్టే ఉండి లేకుండా పోయాను.

డాక్టర్ షంషాద్ విని నిలువునా నీరైపోయింది. దాచాలని చూడలేదు, అది ఆవిడ మంచితనం. ఏవో గొంతుల రికార్డులు పెట్టి మా ఆయన్ని అడిగింది. నాది కూడా పెట్టింది. "ఎవరో పెద్దావిడ, కోపిష్టిలా ఉంది" అన్నాడు. డాక్టరమ్మ రికార్డు ఆపేసింది.

"మెదడులో గొంతుల్ని గుర్తుపట్టే చోటు ఒకటుంటుందమ్మా. చూపు లేనివాళ్ళలో అది బాగా సాగయిన నేల. మౌనలిపి నీరున్న మడి చూసుకుని నాటుకుంది. అక్కడున్నది తోసేస్తుందని మాకు తెలియలేదు. ఆయన చెప్పి ఉంటే..." అని ఆగిపోయింది. "ఇప్పుడు తీసేస్తే గొంతులు తిరిగొస్తాయి. ఇంకొన్నాళ్ళు ఉంచితే వేళ్ళు దిగిపోతాయి. ఆ తర్వాత తీసినా రావు."

"వేరే చోట నాటలేరా?"

"ప్రయత్నిస్తాం. ఏళ్ళు పడుతుంది. మాస్టారి వయసుకి..." అంది. ఆ మాట కూడా పూర్తి చెయ్యలేదు.

"తీసెయ్యండి" అన్నాడు మా ఆయన. నావైపు తిరిగి కూడా అడగలేదు.

తీసేశారు. కొన్ని రోజులు అటూ ఇటూ కాకుండా గడిచాయి. చదువు పోయింది, గొంతులు రాలేదు. ఆయన రేడియో పక్కన కూర్చుని ఎవరెవరో మాట్లాడుతుంటే తల అటూ ఇటూ తిప్పుతున్నట్టు నాకు కుర్చీ కిర్రుమనడాన్ని బట్టి తెలిసేది. ఒక రోజు పొద్దున్న గ్యాసు బండ తెచ్చినతను దాన్ని మెట్ల మీద దొర్లించుకుంటూ వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి ఉతికి ఆరేశాను.

"నానేటి సేసేనమ్మా? లిఫ్టు పాడైపోనాది, నాలుగంతస్తులు మోసీగల్నా?" అంటున్నాడతను.

లోపల్నుంచి మా ఆయన కేక పెట్టాడు. "సులోచనా! సులోచనా! పాపం అతన్ని వదిలెయ్!"

నేను తిట్టు మధ్యలో ఆగిపోయాను. పరిగెత్తి లోపలికి వెళ్ళి బల్ల అంచు తగిలించుకున్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వే, నువ్వే" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. గ్యాసతను బండ గుమ్మంలో పెట్టి, "బాబుగోరికి ఏటైనాదమ్మా" అంటూ చాలాసేపు నిలబడిపోయాడు.

ఆ వారమంతా మా పెళ్ళయిన కొత్తలో లాగే గడిచింది. ఆయన నాతో మాట్లాడించడం కోసం పనికిమాలిన ప్రశ్నలు వేసేవాడు. తోటకూర ఎంత, పక్కింటావిడ కోడలితో రాజీపడిందా అని. కానీ నేను పని మధ్యలో ఇయర్‌ఫోన్లు తీసిన ప్రతిసారీ ఆయన కూర్చున్న గదిలోంచి ఒక చప్పుడు వినిపించేది. టక్. టక్. టక్. కంప్యూటర్ ఆన్ చేసి ఉండదు. ఆయన వేలు కింది బాణం మీద నడుస్తూ ఉండేది. రాని వరసలు దాటుకుంటూ వెళ్ళేది. నేను వచ్చానని తెలియగానే ఆపేసి, "ఏం కూర?" అనేవాడు.

నేను పుస్తకం చదివి వినిపిస్తానన్నాను. రోజూ కూర్చున్నాం. "ఆ మాట మళ్ళీ చెప్పు, పకారమా, తకారమా?" అనేవాడు. అన్నీ ఎవరూ వినని మాటలే, సందర్భం ఎక్కడిది? ఒక పేజీకి ఒక పూట పట్టేది. ఆఖరికి, "నువ్వే దిద్దెయ్ సులోచనా, నీకు తెలియదా" అన్నాడు. ఆ అనడంలో ఆయన లేడు. ఉప్పు లేని కూర తిన్న రోజు మనిషే మాట్లాడాడు.

"రేపు ల్యాబుకి వెళ్దాం" అన్నాను.

"వద్దు. నాకు నీ గొంతు చాలు."

"చాలదు. నా గొంతుతో ఏం చేసుకుంటారు, ఊరగాయ పెట్టుకుంటారా? నన్ను గుర్తుపట్టి, పొద్దస్తమానం ఆ మీట నొక్కుకుంటూ కూర్చునే మొగుడు నాకొద్దు. నన్నెవరని అడిగినా పరవాలేదు, ఆ చేపల మీద నవ్వుకునే మనిషి నాకు కావాలి."

"నీకు కష్టంగా ఉండదా?"

"ఉంటుంది. చచ్చేంత కష్టంగా ఉంటుంది. అయితే ఏం చెయ్యమంటారు?" అన్నాను. నిజంగానే ఉంటుందని తెలుసు. అబద్ధం ఆడి ఆయన్ని పంపాలని నాకు అనిపించలేదు.

ఇక మళ్ళీ పెడితే వెనక్కి రావడం ఉండదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఇంకొక రోజు ఇవ్వమని అడిగాం. ఆ రోజు పొద్దున్నే ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాల్కనీలో నా ఎదురుగా కూర్చున్నాడు.

"మాట్లాడు" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నా నోటికి మాటలు తడుముకోవాల్సి వచ్చింది ఆ ఒక్క రోజే. వేడిగా ఉందన్నాను. ఉక్కగా కూడా ఉందన్నాను. 

"పోనీ తిట్టు" అన్నాడు.

అది నాకు చేతనైన పని. తడి తువ్వాలు మంచం మీద వెయ్యడం దగ్గర మొదలుపెట్టాను. వాళ్ళ అన్నయ్య పిల్లల ముందు నా పాట గురించి ఆయన వేసిన జోకు, బస్సులో నా కర్ర మరిచిపోవడం, నూకాలమ్మ టీచరు వచ్చినప్పుడు నేను చేసిన బొబ్బట్లు తనే చేశానని చెప్పుకోవడం, ఏదీ వదల్లేదు. సముద్రం మీంచి గాలి వస్తోంది. ఆయన మధ్యమధ్యలో "ఊఁ" అంటూ, పాట వింటున్నవాడిలా కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తున్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవనివ్వలేదు. నా తిట్లు అయిపోయాక, ఉన్నవే మళ్ళీ మొదటి నుంచి తిట్టించుకున్నాడు.

మర్నాడు పలక పెట్టారు. దీపావళి వెళ్ళేసరికి నా గొంతు ఆయనకి మళ్ళీ ఎవరిదో అయిపోయింది. ఇంటికి రాగానే, గది మారగానే, "సులోచనని" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఒక్కోరోజు ఆ మాట నోటికి రాక గుమ్మంలోనే నిలబడిపోయేదాన్ని. నాకూ మౌనలిపి పెడతానని డాక్టర్ షంషాద్ మళ్ళీ అడిగింది. వద్దన్నాను. ఇంట్లో ఒక్కరైనా ఒకరిని గుర్తుపట్టాలి కదా. రేకు మావయ్య ఇప్పటికీ నా పాత కంప్యూటర్‌లో ఉన్నాడు. ఆయన్ని ఎవరూ కొత్తగా తయారుచెయ్యడం లేదట. ఉన్నంతవరకు ఉంటాడు.

నూకాలమ్మ టీచరు పుస్తకం ఎండాకాలం మొదట్లో వచ్చింది. తూర్పుతీరం ఆఫీసు ముందు చిన్న పందిరి వేసి సభ పెట్టారు. జాలరిపేట నుంచి బస్సులో జనం వచ్చారు. ఒక ముసలాయన పుస్తకాన్ని చేత్తో తడిమి, "మా అయ్య సెప్పిన గాలి పేరు ఇందులో ఉందటమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆయన అందరికీ ఒకే మర్యాదతో, "నమస్కారమండీ, చాలా సంతోషమండీ" అంటున్నాడు. పట్నాయక్‌తోనూ అదే అన్నాడు. పట్నాయక్ తన పేరు చెప్పుకుని, నేలల పాఠం గుర్తు చేసి, ఇద్దరూ నవ్వుకున్నారు.

మైకు గోల, మల్లెపూల దండలు, కాళ్ళ కింద తివాచీ. నా చెప్పుల చప్పుడుగానీ నూనె వాసనగానీ ఆయనకి అందే దారి లేదు. పేరు చెప్పాలి. ఎందుకో ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు. అందరితో పాటు వరసలో నిలబడి, నా వంతు వచ్చాక వంగాను. ఆయన చెయ్యి పట్టుకోబోతే పాకం కారుతున్న జాంగ్రీ తగిలింది. ఎండ నేరుగా ఆయన మీద పడుతోంది.

"సుగరు మనిషికి జాంగ్రీ పెట్టినవాళ్ళకి బుద్ధి లేదు, పెట్టగానే పుచ్చుకున్న చేతికి సిగ్గు లేదు, ఈ ఎండలో కుర్చీ వేసినవాళ్ళకి కళ్ళు లేవు, సరేలెండి, చల్లారిపోతోంది, తినండి" అన్నాను.

ఆయన "నమస్కారమండీ" అనబోయి ఆగాడు. తల కొద్దిగా పక్కకి వంచినట్టు కుర్చీ కిర్రుమంది. ఒత్తు జారినప్పుడు ఆయన వేలు ఆగేది చూశారా, అలా మనిషంతా ఆగిపోయాడు.

"గొంతు ఎవరిదో నాకు తెలియడం లేదండీ" అన్నాడు మెల్లగా. "కానీ ఈ వాక్యం మా ఇంట్లోది. ఒక్క ఊపులో ముగ్గురిని తిట్టి చివర్న తినమనే వాక్యం ఈ ఊళ్ళో ఇంకెవరూ కట్టలేరు."

నేను ఆయన పక్క కుర్చీ తడుముకుని కూర్చున్నాను. 

"ఆగిపోకు. ఇంకొకటి చెప్పు" అన్నాడు పాకం చేత్తోనే నా చెయ్యి పట్టుకుని.

"ఏం చెప్పమంటారు, నా మొహం" అన్నాను ముక్కు ఎగబీల్చుకుంటూ.

"ఇదీ నీదే" అన్నాడు.